అరవై ఇళ్ళకు ఒకటే మంచం

రాజధాని నుంచి ఆ ఉత్తరం వచ్చిన రోజు పురపాలక సంఘం ఆఫీసులో టీలు చల్లారిపోయాయి. ఎవరూ తాగలేదు.

తక్కువ జీతాల వాళ్ళు అద్దెకి ఉండగలిగే ఇళ్ళు ప్రతి పట్టణమూ తొంభై రోజుల్లోగా కనీసం అరవై చూపించాలని రాష్ట్ర ప్రభుత్వం రాసింది. చూపించని పట్టణానికి ఇకమీదట కట్టడాలకు అనుమతులిచ్చే అధికారం ఉండదని, ఆ పని తామే చూసుకుంటామని కూడా రాసింది. మొదటి వాక్యం చదివి చైర్మన్ గారు నవ్వారు. రెండో వాక్యం చదివి కుర్చీలోంచి లేచారు. అనుమతులిచ్చే అధికారం పోయాక ఆ పదవిలో మిగిలేది రిబ్బన్లు కత్తిరించే కత్తెర ఒక్కటే.

ఆ ఉత్తరానికి నెంబరు వేసి, ఫైల్లో పెట్టి, ఆయన బల్ల మీదికి చేర్చింది కొలతలమ్మ. ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. పందొమ్మిదేళ్ళుగా చేతిలో టేపు పట్టుకుని ఊళ్ళో గోడలన్నీ కొలుస్తూ తిరగడంతో ఆ పేరు ఆవిడే సగం మరిచిపోయింది. ఎవరి ప్రహరీ రోడ్డు మీదికి ఎన్ని అంగుళాలు జరిగిందో అడిగితే నిద్రలో లేపినా చెబుతుంది. ఊరంతా కొలిచిన ఆ మనిషికి సొంతానికి ఒక్క గోడ లేదు. భర్త పోయాక, అత్తగారూ తనూ ఒక గది, ఒక వంటిల్లు ఉన్న అద్దె వాటాలో సర్దుకుంటున్నారు. ఉత్తరం రావడానికి వారం ముందు ఇంటాయన గుమ్మంలో నిలబడి, "మీరు మంచివాళ్ళే. పేచీ పెట్టే రకం కాదు. అయినా ఖాళీ చెయ్యాలి. కార్లు కడిగే షెడ్డు పెట్టుకుంటున్నాను. మూడు నెలలు టైమిస్తున్నా" అని చల్లగా చెప్పి వెళ్ళిపోయాడు.

ఆవిడ జీతానికి ఊళ్ళో వాటా దొరకడం కలలోని మాట. తెలిసిన వీధులన్నీ తిరిగింది, తెలియని గడపలు కూడా ఎక్కింది. దొరక్కపోతే రెండు బస్సులు మారి రావలసినంత దూరం పోవాలి. అంతదూరంలో, తుంటి నొప్పితో మంచం దిగడమే కష్టమైన అత్తగారిని పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒంటరిగా వదిలెయ్యాలి. పురపాలక సంఘం వారి ఇళ్ళ కోసం పేరు రాయించుకున్న వాళ్ళ జాబితాలో ఆవిడ నెంబరు రెండువందల పన్నెండు. పదకొండేళ్ళుగా ఆ జాబితాలో ఒక్క నెంబరూ ముందుకి జరగలేదు. చచ్చిపోయినవాళ్ళ పేర్లు కూడా పద్ధతిగా తమ తమ స్థానాల్లోనే ఉన్నాయి.

అందుకే ఆ ఉత్తరం చూసి ఆఫీసు మొత్తం మీద సంతోషించింది ఆవిడ ఒక్కతే. ఆ సంతోషం మొహం మీదికి రాకుండా ఫైలు అడ్డం పెట్టుకుంది.

మర్నాడే అత్యవసర సమావేశం. ముందుగా రాష్ట్ర ప్రభుత్వ విధానాన్ని హృదయపూర్వకంగా స్వాగతిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించారు. పేదలకి ఇళ్ళుండాలన్న విషయంలో సభలో రెండో అభిప్రాయమే లేదు. ఎక్కడ ఉండాలన్న దగ్గర మాత్రం ఎన్ని వార్డులో అన్ని అభిప్రాయాలు. ఒకటో వార్డులో కడితే నడక మైదానం మీద నీడ పడుతుందిట. రెండో వార్డులో మురుగు గొట్టం సన్నం. మూడో వార్డులో పిట్టలున్నాయి. నాలుగో వార్డు మెంబరు లేచి, "మా వార్డు నిండా ఇళ్ళే ఉన్నాయి. అక్కడ మళ్ళీ ఇళ్ళు కడితే ఇళ్ళకి ఇబ్బంది" అన్నాడు. సభలో అందరూ తలలూపారు. మురుగు శుద్ధి చేసే కేంద్రం పక్కన ఖాళీ ఉంది కదా అని ఎవరో అంటే, ఆ కేంద్రం ఇంజనీరు కంగారుపడిపోయాడు. జనం వచ్చి చేరితే కంపు కొడుతోందని అర్జీలు పెడతారని ఆయన బాధ.

చైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు. ఆయనకి ఇష్టమైన మాట ఒకటుంది. "మన ఊరికంటూ ఒక స్వభావం ఉంది. దాన్ని కాపాడుకోవాలి" అన్నారు. ఆ స్వభావమేమిటో పందొమ్మిదేళ్ళలో కొలతలమ్మకి ఎవరూ చెప్పలేదు. పొడవూ వెడల్పూ ఉంటే ఆవిడే కొలుచుకునేది.

దారి కనిపెట్టింది పదో వార్డు మెంబరు. ఆవిడ పళ్ళ డాక్టరు. రోగి నోట్లో చెయ్యి పెట్టి ప్రశ్నలడిగే అలవాటుంది గనక జవాబుల కోసం ఎదురుచూడదు. ఉత్తరం వెనక జతచేసిన ముప్పై పేజీల నిబంధనలు ఊళ్ళో చదివింది ఆవిడొక్కతే.

"పేజీ పందొమ్మిది చూడండి. ఉన్న ఇంట్లోనే వెనక గది ఒకటి ఉండి, దానికి వేరే గుమ్మం, కుళాయి, వండుకునే చోటు ఉంటే అదీ ఒక ఇల్లే. కొత్తగా కట్టాలని ఎక్కడా లేదు. మనందరికీ వెనక గదులున్నాయా లేవా?"

ఉన్నాయి. చైర్మన్ గారింట్లో వెనక గదిలో ఎవరూ నడవని ట్రెడ్‌మిల్లు ఉంది. పళ్ళ డాక్టరుగారి వెనక గదిలో పాత రోగుల పలువరుసల అచ్చులున్నాయి. ఒకరి గదిలో కుక్క, ఒకరి గదిలో రంగు డబ్బాలు. ఒకాయన గదిలో ఎన్నికలనాటి ఆయన ఫోటోలే నిలువెత్తువి నాలుగు, గోడకి ఆనుకుని నవ్వుతున్నాయి. మెంబర్లూ, వాళ్ళ చుట్టాలూ, వాళ్ళకి కావలసినవాళ్ళూ లెక్కేసుకుంటే అరవై గదులు అరగంటలో తేలాయి. 'మా వెనక గదిని తక్కువ అద్దెకి ఇవ్వడానికి మనస్ఫూర్తిగా అంగీకరిస్తున్నాను' అని అరవై మంది ఫారాల మీద సంతకాలు పెట్టారు. ఇస్తామనడానికీ ఇవ్వడానికీ మధ్య ఎంత దూరముందో అందరికీ తెలుసు గనక ఎవరి చెయ్యీ వణకలేదు.

చిక్కల్లా ఫోటోల దగ్గర వచ్చింది. ప్రతి ఇంట్లోనూ మనిషి వెంటనే వచ్చి ఉండే వీలుందని చూపించడానికి మంచం, పరుపు, పొయ్యి, బకెట్, కిటికీకి కర్టెన్ కనిపించేలా ఫోటో తీసి పంపాలి. వెనక గదిలోకి తమ మంచం ఎవరిస్తారు? కొత్తవి అరవై కొనడానికి కమిషనర్ గారికి చేతులు రాలేదు. ఆయన మెత్తటి మనిషి. ఎక్కడికి బదిలీ అయి వెళ్ళినా ఫైళ్ళ కంటే ముందు కుర్చీ మెత్త సర్దుకుంటారు. కొలతలమ్మని గదిలోకి పిలిచి కూచోమన్నారు. అదే మొదటిసారి.

"మీ ఇంట్లో మంచం ఉందా అమ్మా?"

"ఉందండీ. మా అత్తగారిది."

"ఒక పది పన్నెండు రోజులకి ఆఫీసుకి ఇస్తారా? ఒక్క మంచం చాలు. అన్ని ఇళ్ళకీ తిప్పుదాం." ఆయన గొంతు తగ్గించారు. "మీ ఇంటి సంగతి నాకు తెలుసు. ఈ గదులు రానీండి. మొదట మీ పేరే చూద్దాం."

చూద్దాం అన్నమాటకి ఆఫీసుల్లో అర్థమేమిటో ఆవిడకి తెలియంది కాదు. ఆ మాట ఆవిడే రోజుకి నలభైసార్లు కిటికీ దగ్గర నిలబడ్డ జనానికి చెబుతుంది. అయినా నమ్మింది. గడువు తరుముకొస్తుంటే మనిషి గాలిని కూడా పట్టుకుని వేలాడతాడు మరి.

అత్తగారు విని నోరు తెరిచింది.

"నా మంచం తీసుకెళ్ళి గొప్పోళ్ళ ఇళ్ళలో వేసి, పేదోళ్ళకి ఇళ్ళు కట్టామని ఫోటో తీస్తారా? ఏమే, నీకు మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"పన్నెండు రోజులే అత్తయ్యా. మనకి గది దొరుకుతుంది."

"అయితే నేనూ వస్తా. మంచం ఎక్కడుంటే నేనక్కడ. నేల మీద పడుకుంటే మళ్ళీ లేవలేను, తర్వాత నన్ను కూడా బండి మీదే తీసుకెళ్ళాలి."

అలా ఊరేగింపు మొదలైంది. తోపుడు బండి మీద ఇనప మంచం, దాని మీద చుట్టిన పరుపు, పరుపు మీద అత్తగారు. ఆవిడ ఒళ్ళో నీలం కర్టెన్, కాళ్ళ దగ్గర పొయ్యి, బకెట్. ముందు టేపూ ఫైలూ పట్టుకుని కొలతలమ్మ. వెనక బండి తోసే మనిషి. యాభై దాటిన వాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు, ఎత్తుపల్లాలన్నిటికీ ఒకే వేగంతో నడుస్తాడు. జాబితాలో అతనిది ఏడో నెంబరు. పదకొండేళ్ళుగా చెల్లెలింట్లో మెట్ల కింద పడుకుంటున్నాడు. పొడుగు మనిషి కావడంతో కాళ్ళు బయటే ఉంటాయి.

రోజుకి ఐదు ఇళ్ళు. ప్రతి ఇంటి దగ్గరా అదే తంతు. గదిలో సామాను బయట పెట్టడం, మంచం వెయ్యడం, పరుపు పరచడం, కర్టెన్ తగిలించడం, కొలవడం, ఫోటో తియ్యడం, మళ్ళీ అన్నీ విప్పడం. బయట పెట్టిన సామాను వీళ్ళు గేటు దాటకముందే లోపలికి వెళ్ళిపోయేది. కుక్కకి మాత్రం గది తనదేనని గట్టి నమ్మకం ఉండటంతో ఫోటో తీసినంతసేపూ పరుపు మీదే కూచుంది. బిస్కెట్ చూపించి దింపాల్సి వచ్చింది. అన్ని ఇళ్ళూ ఒకేలా కనిపిస్తాయేమోనని కొలతలమ్మకి అనుమానం వచ్చి కమిషనర్ గారికి చెబితే, ఆయన ఆలోచించి మంచాన్ని ఒకసారి కుడిగోడకీ ఒకసారి ఎడమగోడకీ వెయ్యమన్నారు.

బండి మనిషికి మాత్రం ఆ పన్నెండు రోజులూ పండగ. ప్రతి గదిలోనూ నిలబడి నాలుగు మూలలూ చూసేవాడు.

"దీనికి గాలి బాగుందమ్మా. చెల్లెలి పిల్లలొచ్చినా సరిపోద్ది."

"అన్నీ నీకే ఇస్తారా ఏంటి నాయనా?" అనేది అత్తగారు.

"అరవైలో ఏడో నెంబరుకి ఒకటి రాదంటారా?"

రాకపోవడమేం అని కొలతలమ్మ అన్నది. ఆ క్షణంలో నిజంగానే అనుకుని అన్నది.

చైర్మన్ గారిల్లు ఇరవైమూడోది. ట్రెడ్‌మిల్లు బరువుకి ఇంటి పనివాడితో కలిపి ముగ్గురూ కదపలేక దాన్ని నీలం కర్టెన్ వెనక దాచారు. టేపు పెడితే గది ఎనిమిది అడుగులు బై తొమ్మిది తేలింది. ఇద్దరు ఉండే ఇల్లయితే నూటపది చదరపు అడుగులైనా ఉండాలని నిబంధన. ఆవిడ కమిషనర్ గారికి ఫోన్ చేసింది. "చైర్మన్ గారి గది చిన్నదంటే బాగుండదమ్మా. పన్నెండు బై పది వెయ్యండి" అన్నారాయన. పందొమ్మిదేళ్ళలో ఒక్క అంగుళం అబద్ధం రాయని మనిషి, ఆ రోజు నలభై ఎనిమిది చదరపు అడుగులు ఎక్కువ రాసింది. కిందనే సంతకం కూడా పెట్టింది.

అప్పటికే అత్తగారు ఎండకి సొమ్మసిల్లినట్టయి, పరిచిన మంచం మీద దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి నిద్రపోయింది. లేపబుద్ధి కాలేదు. గుర్తుకోసం ఒక ఫోటో తీసి, లేచాక ఇంకోటి తియ్యొచ్చులే అనుకుంది. లేచేసరికి ఫోన్లో చార్జింగ్ లేదు, చైర్మన్ గారి భార్యకి ఓపిక లేదు. సరిగ్గా తొంభయ్యో రోజున అరవై ఫోటోలూ రాజధానికి పంపినప్పుడు, ఇరవైమూడో ఇంటి ఫోటోలో అత్తగారు కూడా అలా దుప్పటి కప్పుకునే వెళ్ళిపోయింది. ఈలోగా అద్దె వాటా ఇంటాయన కాళ్ళావేళ్ళా పడితే ఖాళీ చేసే గడువు ఇంకో నెల పెంచాడు.

పదిహేను రోజులకి జవాబు వచ్చింది. అరవై ఇళ్ళలోనూ ఒకే నాణ్యత గల మంచం సమకూర్చినందుకు ప్రత్యేక అభినందనలట. అంతటితో ఆగినా బాగుండేది. ఇరవైమూడో ఇంట్లో అప్పుడే ఒక వృద్ధురాలికి ఆశ్రయం కల్పించిన చైర్మన్ గారి చొరవ రాష్ట్రానికే ఆదర్శమని, ఆ ఇంటిని చూడటానికి వచ్చే గురువారం తనిఖీ అధికారిణి వస్తున్నారని రాశారు.

చైర్మన్ గారు కక్కలేక మింగలేక గిలగిల్లాడారు. ఎవరూ లేరంటే ఫోటో అబద్ధమవుతుంది, ఫోటో అబద్ధమైతే అరవై గదుల డొంకా కదులుతుంది. చివరికి కమిషనర్ గారే కొలతలమ్మతో, "మీ అత్తగారు ఒక్క రెండు రోజులు అక్కడ ఉంటే..." అని నసిగారు.

అత్తగారు బుధవారం పొద్దున్నే దిగింది. మంచం, పరుపు, పొయ్యితో పాటు మందుల డబ్బా, గోడ గడియారం, చీరల పెట్టె కూడా బండి ఎక్కించింది.

"రెండు రోజులకి ఇన్నెందుకండీ అత్తయ్యా?"

"అబద్ధం చెప్పేటప్పుడు సరుకు నిండుగా ఉండాలే."

తనిఖీ అధికారిణి చిన్న వయసుదే. ఆ రోజు అప్పటికే నాలుగు ఊళ్ళు చూసి, మొహం వాడి ఉంది. చైర్మన్ గారు పేపరు వాళ్ళని వెంటబెట్టుకుని గుమ్మంలోనే ఎదురెళ్ళారు. "ఈ పెద్దావిడ మాకు తల్లిలాంటిది. మా ఇంట్లో ఒక గది కాదు, మా గుండెల్లోనే చోటిచ్చాం" అన్నారు. ఫోటోగ్రాఫర్ ఇంకొంచెం దగ్గరగా నిలబడమంటే అత్తగారి భుజం మీద చెయ్యి వేశారు.

"ఎలా ఉందమ్మా ఇక్కడ?" అధికారిణి అడిగింది.

అత్తగారికి చెప్పమన్న జవాబు రెండే మాటలు. సుఖంగా ఉన్నాను. అంతే. ఆవిడ మాత్రం మంచమ్మీద సర్దుకుని కూచుంది.

"సుఖంగా ఉన్నా తల్లీ. తలుపు గడియ సరిగ్గా పడదు, అది బాగుచేయించమను. నేనూ, నా కోడలూ ఇద్దరమే. కోడలు ఆఫీసు నుంచి సాయంత్రం వస్తుంది. ఇక్కడి నుంచి ఆఫీసుకి నడిచే పోవచ్చు. అన్నిటికంటే అదే నాకు సుఖం."

అధికారిణి ఫైలు చూసింది. పన్నెండు బై పది, ఇద్దరికి సరిపోతుంది. గదివంక ఒకసారి చూసి, మళ్ళీ ఫైలు వంక చూసింది. ఇంకా రెండు ఊళ్ళు మిగిలున్నాయి ఆవిడకి. ఫైలునే నమ్మింది. అద్దె కార్డు తీసి ఇద్దరి పేర్లూ రాసి, పదేళ్ళ దాకా ఖాళీ చేయించరాదన్న ముద్ర కొట్టి, ఇంటి యజమాని సంతకం కోసం చైర్మన్ గారి ముందు పెట్టింది. పేపరు వాళ్ళు కెమెరాలెత్తారు. చైర్మన్ గారు నవ్వుతూనే సంతకం పెట్టారు. ఆ నవ్వు మర్నాటి పేపర్లో చూస్తే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన మనిషిలా ఉన్నారు.

"మిగతా ఇళ్ళు కూడా ఇలాగే ఉన్నాయా?" వెళ్తూ వెళ్తూ అధికారిణి కొలతలమ్మని అడిగింది.

"అన్నిట్లోనూ ఇదే మంచమండీ."

అంతకన్నా నిజం ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. అధికారిణి మెచ్చుకుంటూ రాసుకుంది.

శుక్రవారం చైర్మన్ గారి మనుషులు వచ్చి తలుపు కొట్టారు. అత్తగారు తలుపు తీయకుండానే కిటికీలోంచి కార్డు చూపించింది. ఆ సాయంత్రమే కొలతలమ్మ పాత వాటా తాళం ఇంటాయన చేతిలో పెట్టి, టేపూ చెప్పులూ సంచీలో వేసుకుని ఇక్కడికి వచ్చేసింది. ఎనిమిది బై తొమ్మిది గదిలో, ట్రెడ్‌మిల్లు మీద బట్టలు ఆరేసి, అత్తాకోడళ్ళిద్దరూ టీ తాగారు. అత్తగారు గ్లాసు పట్టుకుని పకపకా నవ్వింది. కోడలు కూడా నవ్వింది. భర్త పోయాక అంత హాయిగా నవ్వడం అదే మొదలు.

ఆ హాయి నాలుగు రోజులే. అయిదో రోజున రాజధాని నుంచి మూడో ఉత్తరం దిగింది. మిగిలిన యాభైతొమ్మిది ఇళ్ళనూ పదిహేను రోజుల్లోగా నింపి, అద్దెకున్నవాళ్ళ పేర్లు పంపాలి. ఎవరో ఒకరు వెళ్ళి, వాళ్ళక్కడ ఉంటున్నట్టు కళ్ళారా చూసి ధ్రువీకరించాలి.

ఈసారి సమావేశం తలుపులు వేసుకుని జరిగింది. పళ్ళ డాక్టరు మళ్ళీ పేజీ తీసింది. అద్దెకుండేవాళ్ళు తక్కువ జీతం వాళ్ళయి ఉండాలని ఉంది గానీ, ఇంటివాళ్ళకి చుట్టాలు కాకూడదని ఎక్కడా లేదు. ఉద్యోగం లేని కొడుకుకి జీతమే లేదు కదా, అంతకంటే తక్కువ ఏముంటుంది? ఒక్క పూటలో ఊళ్ళో యాభైతొమ్మిది మంది పేదలు పుట్టుకొచ్చారు. విదేశాల్లో చదువుతున్న కూతుళ్ళు, కార్ల షోరూం పెట్టబోతున్న అల్లుళ్ళు, కోర్టు కేసుల్లో ఉన్న బావమరుదులు. తమ్ముడి పేరు ఇచ్చిన ఒకాయన, తమ్ముడితో మాటల్లేక పదేళ్ళయిందని తర్వాత చెప్పాడు.

చైర్మన్ గారు కొలతలమ్మని తన గదికి పిలిచారు. ఆయన కూడా కూచోమన్నారు. ఈ ఊళ్ళో ఎవరైనా కూచోమన్నారంటే ఏదో నెత్తిన పడబోతోందని ఆవిడకి అప్పటికి అర్థమైంది.

"యాభైతొమ్మిది కాగితాలు. వెళ్ళి చూశాను, ఉంటున్నారు అని మీరు సంతకం పెట్టాలి."

"చూడకుండా ఎలా పెట్టనండీ? వాళ్ళెవరూ లేరు కదా."

"మా ఇంట్లో గది ఎంతమ్మా?" ఆయన మెల్లగా అడిగారు. "మొన్న మా బావమరిది సరదాగా టేపు పెట్టాడు. ఎనిమిది బై తొమ్మిదట. మీరు పన్నెండు బై పది రాశారు. నాకేం తెలుసు, నేను కొలతలు రానివాణ్ణి. సంతకం మీది. పై వాళ్ళకి ఈ సంగతి తెలిస్తే గదీ పోతుంది, ఉద్యోగమూ పోతుంది. పెద్దావిడ తుంటి నొప్పి మనిషి. నాకు తల్లిలాంటిది."

కొలతలమ్మకి కమిషనర్ గారి పేరు నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన ఫోన్లో చెప్పారు, కాగితం మీద కాదు. పైగా ఆయనకి ముందురోజే బదిలీ అయింది, మెత్త కూడా సర్దుకున్నారు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. చైర్మన్ మీద కంటే, నలభై ఎనిమిది చదరపు అడుగులు రాసిన తన చేతి మీద ఎక్కువ మండింది.

ఇంటికి వచ్చి అత్తగారికి చెప్పింది. అత్తగారు కాళ్ళు రాసుకుంటూ వింది.

"నువ్వు పెట్టకపోతే ఆ గదులు ఆ జాబితా వాళ్ళకి వస్తాయా?"

"రావు అత్తయ్యా. ఇంకెవరో పెడతారు."

"మరైతే నన్నెందుకు అడుగుతున్నావు?" అని గోడవైపు తిరిగి పడుకుంది. వెనక్కి తిరగకుండానే అన్నది, "నన్ను బస్సెక్కించకు."

యాభైతొమ్మిది సంతకాలు రెండు గంటలు పట్టాయి. ప్రతి కాగితం మీదా 'స్వయంగా వెళ్ళి చూశాను' అన్న అచ్చు మాట ఉంది. స్వయంగా వెళ్ళినమాట నిజమే. కుక్కనీ, రంగు డబ్బాలనీ, ఆ నిలువెత్తు నవ్వుల్నీ చూసినమాటా నిజమే. చివరి కాగితాలకి వచ్చేసరికి సంతకం ఆవిడదిలా లేదు.

రాష్ట్రం నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. పట్టణంలో ఇళ్ళ అవసరం పూర్తిగా తీరినందున, ఇక పాత జాబితా రద్దు చేసుకోవచ్చని కూడా అందులో ఉంది. చైర్మన్ గారు దాన్ని అద్దం కట్టించి గోడకి పెట్టించారు. అద్దెకున్న అరవై ఇళ్ళవాళ్ళ పేర్లు నోటీసు బోర్డు మీద అంటించారు. అంటించమన్నది కొలతలమ్మనే.

మర్నాడు పదిన్నరకి కిటికీ దగ్గరికి బండి మనిషి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నోటీసు బోర్డు దగ్గర ఎవరితోనో చదివించుకుని వస్తున్నాడని మొహం చూస్తే తెలిసింది.

"ఏడో నెంబరు అందులో లేదంట కదమ్మా."

ఆవిడ కాగితాలు సర్దుతున్నట్టు తల వంచుకుంది. "లేదు."

"ఒక్కటి కూడా ఖాళీ లేదా?"

"లేదు. అన్నీ నిండిపోయాయి."

అతను తలూపాడు. ఆ అరవై గదుల్లోకీ మంచం మోసింది అతనే. ఏ గదిలో ఏముందో ఊళ్ళో ఆ అత్తాకోడళ్ళ తర్వాత తెలిసింది అతనొక్కడికే. అరుస్తాడేమోనని చూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. వెనక వరసలో ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు.

"పోన్లెండి. పెద్దమ్మకి దొరికింది. ఆ తుంటితో ఆవిడ ఎక్కడ తిరిగేది" అన్నాడతను. నిజంగానే అన్నాడు, మాటలో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. ఆవిడ జాబితాలో తనది రెండువందల పన్నెండని అతనికి చెప్పలేదు, అతనూ అడగలేదు.

పక్కకి జరగబోయి మళ్ళీ ఆగాడు. జేబులోంచి చీటీ తీసి కిటికీలోంచి అందించాడు. దాని మీద ఫోన్ నెంబరు ఎవరి చేతో రాయించి ఉంది.

"మళ్ళీ ఎప్పుడన్నా ఇళ్ళ ఫోటోలు తీస్తే నన్నే పిలవండమ్మా. గదులన్నీ నాకు తెలుసు, పని తొందరగా అయిపోద్ది."

పిలుస్తానని చెప్పి, ఆవిడ ఆ నెంబరు రిజిస్టర్లో రాసుకుంది.